వాయిదాకు రాని సాక్షి

నర్సింగు స్కూలు స్వర్ణోత్సవం రేపనగా సంచిక ప్రతులు అచ్చాఫీసు నుంచి వచ్చాయి. మొదటి ప్రతిని ప్రిన్సిపాలు సిస్టర్ జసింత స్వయంగా తెచ్చి, పొద్దుటి కాఫీతో పాటు సిస్టర్ ఇన్నాసమ్మ చేతిలో పెట్టి వెళ్ళింది. ఇన్నాసమ్మ రెండో పేజీ దాకా చదివి లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది. ఎనభై రెండేళ్ళ మోకాళ్ళకు అదేమంత సులువైన పని కాదు. కాఫీ చల్లారిపోయింది.

ఆ పేజీలో ఉన్నది ఇది: 1971లో జొన్నలపాడు మిషనాసుపత్రిలో శిక్షణ పొందిన నర్సు లేక ఒక బాలింత రెండు రోజుల పసిగుడ్డును వదిలి కన్నుమూసింది. ఆ మరణానికి చలించిపోయిన యువ సన్యాసిని సిస్టర్ ఇన్నాసమ్మ ఈ పల్నాటి గడ్డ మీద నర్సింగు చదువు మొదలుపెట్టాలని ప్రతిన పూనింది. ఆనాటి పసిగుడ్డు, వేపలగూడెం మాజీ సర్పంచి శ్రీమతి మహాలక్ష్మమ్మగారు రేపు సభలో జ్యోతి వెలిగించి, సిస్టర్‌గారి ఆశీస్సులు అందుకుంటారు.

ఇందులో అబద్ధం ఎక్కడుందని వెతికితే దొరకదు. బాలింత చచ్చిపోయిన మాట నిజం. చదువుకున్న నర్సు లేని మాట నిజం. చలించిన మాటా నిజమే. ఆ బాలింతకు చివరి సూది వేసిన చెయ్యి ఎవరిదో మాత్రం రాయలేదు. రాయడానికి వాళ్ళకు తెలిస్తే గదా. ఇన్నాసమ్మ ఏనాడూ నోరు తెరిచి అబద్ధం చెప్పలేదు. గుడిలో ప్రసంగం చేసిన ఫాదరుగారు ఒకసారి, రజతోత్సవంలో పేపరు విలేకరి ఒకసారి ఈ కథను తలా కాస్త చెక్కి నున్నగా చేశారు. ఆమె పక్కన కూర్చుని వింది. అంతే.

ఇన్నేళ్ళు విన్న మనిషి ఈ పొద్దున ఎందుకు నిలవలేకపోయిందంటే, పోయిన ఆదివారం ఆమె ప్రేమమ్మ పేరు మర్చిపోయింది. ప్రేమమ్మ ఆమె మొదటి బ్యాచి శిష్యురాలు. ముప్ఫై ఏళ్ళు అదే ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి, రిటైరై, మఠం ఎదుటి ఇంట్లోనే ఉంటోంది. ఎదురుగా నిలబడి నవ్వుతోంటే ఆ మొహానికి పేరు తగల్లేదు. నిమిషం తర్వాత తగిలింది. కానీ ఆ నిమిషంలో ఇన్నాసమ్మకు వెన్నులో చలి పుట్టింది. ఇవాళ ప్రేమమ్మ పేరు పోయింది. రేపు ఆ బాలింత కోటమ్మ పేరు పోతే, ఇక ఆ సంగతి భూమ్మీద ఎవరికీ తెలియదు.

ఆమె సంచిక చంకలో పెట్టుకుని ఆఫీసు గదికి వెళ్ళి, వేపలగూడెం పోవాలి, బండి కావాలంది. జసింత షామియానా వాళ్ళతో ఫోనులో ఉంది. బిషపుగారు వస్తున్నారు, రేపు ఎలాగూ మహాలక్ష్మమ్మ ఇక్కడికే వస్తుంది, ఈ ఎండలో ఎందుకు, మధ్యాహ్నం రిహార్సలు ఉంది అని చెప్పింది. ఇన్నాసమ్మ అన్నీ విని, సరేనని, గేటు దాకా నడిచి, ఎదురింటి ప్రేమమ్మను కేకేసింది. అరగంటలో డ్రైవరు మౌలాలీ వ్యాను తెచ్చాడు.

జొన్నలపాడు మిషను నర్సులంటే గురజాల నుంచి గుంటూరు దాకా ఒక పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదు. ఇన్నాసమ్మది రెంటచింతల. నాలుగు తరాలుగా కథోలికులైన రెడ్ల ఇంటి పిల్ల. పద్దెనిమిదేళ్ళకు మఠంలో చేరింది. 1974లో పాడుబడ్డ, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో ఆరుగురు ఆడపిల్లలతో స్కూలు పెట్టింది. నల్లబల్ల కొనలేక నాపరాయి బండకు మసి పూసి గోడకు ఆనించింది. సూది వేయడం బత్తాయి పండు మీద నేర్పింది. పాఠం అయ్యాక ఆ పండు తినొద్దే అంటే ఏ పిల్లా వినేది కాదు. చేర్పించుకోవడానికి పిల్లల కోసం సైకిలేసుకుని ఊళ్ళు తిరిగింది. ఊళ్ళోవాళ్ళ ఒళ్ళు కడగడానికా మా పిల్లను కన్నది అని పెద్ద రైతులు మొహం మీదే తలుపేశారు. మాచర్లలో ఇంజన్లు బాగుచేసే మన్సూర్ మాత్రం తన చెల్లెలు ముంతాజ్‌ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తెచ్చి దింపాడు. ఆ ఆరుగురు మూడు వేలయ్యారు.

వాళ్ళందరికీ ఆమె మొదటి రోజు చెప్పే పాఠం ఒకటే. రోగిని పేరు అడగడం. నువ్వు ఫలానావేనా అని అడగొద్దు, భయంతో ఉన్న మనిషి దేనికైనా అవుననే అంటుంది. నీ పేరేందని అడుగు. వాళ్ళ నోటితోనే చెప్పించు. ఆ తర్వాత పుట్టిల్లు ఏ ఊరో అడుగు. ఆ తర్వాత పుట్టింటి ఇంటిపేరు. ఆడమనిషిని మొగుడి పేరు మాత్రం అడగొద్దు. మన ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు, పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని. ఈ మూడు ప్రశ్నలూ అడక్కుండా సూది పట్టుకున్న పిల్ల ఎంత తెలివైనదైనా ఇంటికి పంపేసేది. కువైట్లో ఉన్న పిల్లలు కూడా ఇప్పటికీ అలవాటు మానలేక అరబ్బు ముసలమ్మల్ని పుట్టిల్లెక్కడని అడుగుతారని చెప్పుకుని నవ్వుకుంటారు.

రోడ్డుకు రెండు పక్కలా మిరపకాయల కల్లాలు. ఘాటుకు మౌలాలీ తుమ్ముతూ నడుపుతున్నాడు. ఊరు దాటగానే ఇన్నాసమ్మ ప్రేమమ్మకు చెప్పడం మొదలుపెట్టింది.

ఎనిమిది మంచాల ఆసుపత్రి. డాక్టరు వారానికి రెండుసార్లు నరసరావుపేట నుంచి వచ్చేవాడు. తక్కిన రోజుల్లో మఠం పెద్ద మదర్, ఆమె కింద ఇన్నాసమ్మ. నర్సు చదువు ఇద్దరికీ లేదు, చూసి నేర్చుకున్నదే. కోటప్పకొండకు మొక్కుకుని కన్న ఇళ్ళు కాబట్టి ఈ తట్టు ప్రతి రెండో ఆడపిల్లా కోటమ్మే. ఆ రోజు వార్డులో ఇద్దరు కోటమ్మలు. కిటికీ పక్క మంచం మీద ఊపిరితిత్తుల్లో చీము పట్టిన కోటమ్మ, వెంకటేశ్వర్లు భార్య, రోజూ పెన్సిలిన్ సూది. దాని పక్క మంచం మీద కాన్పు అయిన కోటమ్మ. పచ్చి బాలింతకు తెల్లవారుజామున తలుపు సందు గాలి కొడుతోందని అత్తగారు గొణిగి, కిటికీ అయితే మూసుకోవచ్చని ఆ పక్క మనిషిని బతిమాలి, మంచాలు మార్పించింది. ఎవరికీ చెప్పలేదు. ఇన్నాసమ్మ సూది పట్టుకుని వచ్చింది. కోటమ్మేనా అంది. అవునమ్మా అంది ఆ పిల్ల. వెంకటేశ్వర్లు భార్యవేనా అంది. మొగుడి ప్రస్తావన వస్తే కొత్త కోడలు ఏం చేస్తుంది, సిగ్గుపడి తల దించింది. ఇన్నాసమ్మ దాన్ని అవుననుకుంది.

ఆ ఒంటికి ఆ మందు పడలేదు. మనిషి ఐదు నిమిషాలు కూడా నిలవలేదు.

మదర్ ఆమె చెయ్యి పట్టుకుని మందుల గదిలోకి లాక్కెళ్ళి, ఈ మాట బయటికి పొక్కితే ఆసుపత్రి మూతపడుతుంది, రేపు చచ్చేవాళ్ళకు నువ్వు జవాబు చెబుతావా అంది. ఇంటివాళ్ళకు గుండె ఆగిందని చెప్పారు. ఏడాది తిరక్కుండా ఇన్నాసమ్మను నర్సు చదువుకు పంపారు. ఆమె మూడేళ్ళు చదివి తిరిగొచ్చి స్కూలు పెట్టింది.

రెండు ఊళ్ళు దాటాయి.

"ఆ మూడు ప్రశ్నలు మీరేదో ఇంగ్లీషు పుస్తకంలో చదివి చెప్పారనుకున్నానమ్మా," అంది ప్రేమమ్మ.

"ఏ పుస్తకంలోనూ లేవే."

ప్రేమమ్మ చీరకొంగుతో మొహం తుడుచుకుంది. ఆ తర్వాత నర్సు మాటలు మొదలుపెట్టింది. చచ్చిపోయినామె తిరిగి రాదు. రేపు పెద్దలంతా వస్తున్నారు, అందరి చేతుల్లో ఫోన్లు, వీడియో తీసి సాయంత్రానికి జిల్లా అంతా తిప్పుతారు. మూడు వేలమంది పిల్లల సర్టిఫికెట్ల మీద బురద పడుతుంది. మీకేం, మీరు ఈ వయసులో చెప్పేసి తేలికపడతారు, మొయ్యాల్సింది వాళ్ళు. ఈ మాటలన్నీ ఇన్నాసమ్మ తనకు తాను ఎన్నో ఏళ్ళుగా చెప్పుకున్నవే.

"రేపు ఆ పిల్ల నా కాళ్ళకు దండం పెడతదే ప్రేమా. పెట్టించుకోమంటావా?"

ప్రేమమ్మ కిటికీ వైపు తిరిగింది.

తల్లి పోయాక మహాలక్ష్మమ్మను మూడు నెలలు మిషనులోనే సీసాపాలతో పెంచింది ఇన్నాసమ్మ. ఆ కృతజ్ఞతతో మహాలక్ష్మమ్మ ఏటా మిరప కోత కాగానే మొదటి బస్తా మిషను వంటింటికి పంపుతుంది. సర్పంచిగా ఉన్న ఐదేళ్ళూ ఏ మీటింగులో మైకు దొరికినా సిస్టరమ్మ పేరు చెప్పకుండా దిగలేదు. యాభై మూడేళ్ళ మనిషి, భర్త పోయాడు, పాతిక ఎకరాల వ్యవసాయం ఒక్కతే నడుపుతుంది. వ్యాను ఆగేసరికి కల్లం నుంచి ముక్కుకు తువ్వాలు కట్టుకుని గబగబా వచ్చింది. రేపు కట్టుకోవాల్సిన చీర ఇస్త్రీ చేసి మంచం మీద పరిచి ఉంది. ఫ్యాను వేసి, కుర్చీ లాగి, కాఫీ పెట్టమని లోపలికి కేక వేసింది. కాఫీ వద్దు, నువ్వు కూర్చో అంది ఇన్నాసమ్మ.

ఈసారి చెప్పడం ప్రేమమ్మకు చెప్పినంత సేపు పట్టలేదు. గాలి సంగతి చెప్పలేదు. మదర్ మాట చెప్పలేదు. ఇద్దరు కోటమ్మలు, మారిన మంచాలు, అడగని ప్రశ్న.

మహాలక్ష్మమ్మ ఏడవలేదు. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు విప్పి, మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది. సూది వేశాక అమ్మ ఏమన్నా మాట్లాడిందా అని అడిగింది. గొంతు పూడుకుపోయింది, మాట రాలేదు అని చెప్పింది ఇన్నాసమ్మ. మహాలక్ష్మమ్మ ఆ మంచం మీది చీర వైపు చూసింది.

"మా నాయనకి తెలుసా ఇది?"

"తెలియదు. ఆయన మళ్ళీ మిషను గడప తొక్కలేదు. దుఃఖం అనుకున్నా."

మహాలక్ష్మమ్మ నవ్వింది. ఆ నవ్వుకు ప్రేమమ్మ భయపడి లేచి ఆమె భుజం పట్టుకుంది.

అప్పుడు మహాలక్ష్మమ్మ చెబితే ఇన్నాసమ్మకు తెలిసింది, తాను ఇన్నేళ్ళు దాచినది సగమేనని. తక్కిన సగం ఈ ఇంట్లో ఉంది. పచ్చి బాలింతకు నీళ్ళివ్వకూడదని ఇక్కడి పెద్దల పట్టింపు. రెండు రోజులు నోరు ఎండిపోయి ఆ పిల్ల మొగుడు గోపాలకృష్ణయ్యను బతిమాలింది. అత్త, అమ్మ బయటికి పోయిన సందు చూసి అతను ఒక చెంబు చన్నీళ్ళు తాగించాడు. గంటలో ఆమె చచ్చిపోయింది. మంచం కింద ఖాళీ చెంబు అత్తగారికి దొరికింది. పచ్చి బాలింతకు నీళ్ళు పోసి సన్నిపాత జ్వరం తెప్పించి చంపాడని కోటమ్మ తల్లి ఈ ఇంటి వాకిట్లోనే దుమ్మెత్తి పోసింది. ఊరు నమ్మింది. అతనూ నమ్మాడు. పాతికేళ్ళవాడు, మళ్ళీ పెళ్ళి చేసుకోబోతే పెళ్ళాన్ని చంపుకున్నవాడికి పిల్లనెవరిస్తారన్నారు. కోటమ్మ అన్న కోటేశ్వరరావు, నా చెల్లెల్ని నువ్వే చంపావని నలుగురిలో బావను అని, ఆ రోజు నుంచి గడప తొక్కలేదు. మేనకోడలి పెళ్ళికి కూడా రాలేదు.

ఇన్నాసమ్మ లేచింది. రెండడుగులు వేసి తలుపు పట్టుకుంది. 

"నువ్వు చెప్పు నాయనకి," అంది ఆమె, బతిమాలుతున్నట్టు.

"నేను చెబితే నమ్మడు సిస్టరమ్మా. కూతుర్ని గదా, జాలిపడి చెప్తన్నాననుకుంటాడు. నువ్వే చెప్పాలి. కల్లంలో ఉన్నాడు పా."

కల్లం ఊరి వెనకే. ఎర్రగా పరిచిన కాయల మధ్య గోపాలకృష్ణయ్య కాలితో సాళ్ళు తీస్తూ కాయలు తిప్పుతున్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళు, ఎండిన చిల్లచెట్టులా ఉన్నాడు. తెల్లచీర చూసి ఆగలేదు. పలకరించలేదు. ఇన్నాసమ్మ టార్పాలిన్ పట్టా అంచున నిలబడి చెప్పింది. ఈసారి మంచాల సంగతి కూడా రాలేదు. ఆయన వింటూనే ఆ చివరిదాకా తిప్పుకుంటూ పోయి, తిరిగి ఈ చివరికి వచ్చాడు.

"అయితే నీళ్ళు కాదా?"

"కాదు."

"చెంబెడు. నిండా తాగించా."

"కడివెడు తాగినా చావదు. నీళ్ళు తాగి బాలింతలు చావరు. నా సూది వల్ల చచ్చిపోయింది."

ఆయన కాయల్లోనే కూర్చుండిపోయాడు. గుప్పెడు కాయలు తీసుకుని, ఒక్కొక్కటీ తాలుకాయా మంచికాయా అన్నట్టు చూసి పక్కన పెట్టాడు. మహాలక్ష్మమ్మ దగ్గరికి పోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవరితోనన్నా చెప్పావా ఇన్నేళ్ళలో?"

పాపసంకీర్తనంలో ఫాదరుగారితో చెప్పుకున్నానంది ఇన్నాసమ్మ. ఒక్కసారి కాదు, చాలాసార్లు.

"ఏమన్నాడు?"

"క్షమించానన్నాడు."

"చచ్చింది ఆయన పెళ్ళామా, క్షమించటానికి?"

ప్రేమమ్మ ఉండబట్టలేక ముందుకొచ్చింది. పెద్దాయనా, ఆ తప్పు దిద్దుకోటానికే సిస్టరమ్మ మూడు వేలమందికి చదువు చెప్పింది, ఎన్ని ప్రాణాలు నిలిచాయో మీకు తెలియదు అంది. ఆయన ఆమె వైపు చూడనైనా లేదు.

"నేను ఆమె పుణ్యం అడగలేదమ్మాయ్. నువ్వుండు," అని ఇన్నాసమ్మ వైపు తిరిగాడు. "గట్టు తగాదాలో పంతొమ్మిదేళ్ళు గురజాల కోర్టు చుట్టూ తిరిగినోణ్ణి. మా వకీలు ఒకటే చెప్పేవాడు. అబద్ధం చెప్పే సాక్షితో భయం లేదయ్యా, వాయిదాకి రాని సాక్షితోనే కేసు పోద్ది అని. నువ్వు యాభై మూడేళ్ళు వాయిదా ఎగ్గొట్టావు."

"ఇప్పుడొచ్చా గదయ్యా."

"ఇక్కడికొస్తే ఏం లాభం? ఇక్కడ ముద్దాయి ఒక్కడే ఉన్నాడు. తీర్పు చెప్పినోడి దగ్గరికి రా."

తీర్పు చెప్పినవాడు కోటేశ్వరరావు. అతని ఊరు పిడుగురాళ్ళ దాటి సత్తెనపల్లి రోడ్డు మీద. గోపాలకృష్ణయ్య తొట్టి దగ్గర కాళ్ళు చేతులు కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి, మౌలాలీ పక్క ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక ముగ్గురు ఆడవాళ్ళు. దారిలో జసింత నాలుగుసార్లు ఫోను చేసింది. రిహార్సలుకు అందరూ వచ్చారు, మీరే లేరు, పేషెంటును చూడటానికి పోయారని చెప్పమంటారా అని అడిగింది. ప్రేమమ్మ ఫోను కట్ చేసింది. ముసలాయన కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. ఇక్కడ పంపుల చెరువు ఉండాలే, ఇక్కడ సున్నపు బట్టీ ఉండాలే అని మౌలాలీని అడుగుతున్నాడు. అవన్నీ పోయి చానా ఏళ్ళయింది పెద్దాయనా అన్నాడు మౌలాలీ. పెళ్ళయిన ఏడాది ఎద్దుబండి మీద వచ్చిన దారి. మళ్ళీ ఈ రోజే.

ఇన్నాసమ్మ కుదురుగా కూర్చోలేకపోయింది. కాసేపు ముందుకు వంగింది, కాసేపు వెనక్కి వాలింది, జపమాల తీసి రెండు పూసలు తిప్పి మళ్ళీ సంచిలో వేసేసింది. తనను క్షమించమని అడగాలని పొద్దున బయల్దేరింది. ఇప్పుడు ఆ మాట అడగడానికి మొహం లేదు. తన చేతిలో నష్టపోయింది కోటమ్మ ఒక్కతే అనుకుని ఇన్నాళ్ళూ రోజూ ప్రార్థనలో ఒక్క పేరే చెప్పుకుంది.

కోటేశ్వరరావు రెండంతస్తుల ఇంటి వసారాలో పడక్కుర్చీలో ఉన్నాడు. బావను గుర్తుపట్టాడు. లేవలేదు. కాళ్ళకు నీళ్ళు ఇమ్మని లోపలికి చెప్పలేదు. మహాలక్ష్మమ్మ ఎవరో పరిచయం చేసుకోవాల్సి వచ్చింది. నలుగురూ నిలబడే ఉన్నారు. ఇంటి కోడలు ఇరుగమ్మలతో కలిసి తలుపు దగ్గర నిలబడింది. గోపాలకృష్ణయ్య ఇన్నాసమ్మకు చోటిచ్చి పక్కకు జరిగాడు, సాక్షి బోనులోకి పంపినట్టు.

ఆ రోజుకు అది నాలుగోసారి చెప్పడం. పొద్దున ప్రేమమ్మకు చెప్పినప్పుడు కథలో కిటికీ ఉంది, గాలి ఉంది, ఒకే పేరున్న ఇద్దరు ఆడవాళ్ళున్నారు, దించిన తల ఉంది, మదర్ ఉంది. ఊరూరికీ ఒక్కొక్కటీ దారిలో రాలిపోయాయి.

"నేను ఎవరో కనుక్కోకుండా సూది వేశాను. మీ చెల్లెలు చచ్చిపోయింది. ఎవరికీ చెప్పలేదు. ఈయన ఇచ్చిన నీళ్ళకు దానికీ ఏ సంబంధం లేదు."

కోటేశ్వరరావు పడక్కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. మనిషి భారీ, గొంతు ఇంకా భారీ. తెల్లచీర కట్టుకుని దేవతలా తిరిగావు గదే అన్నాడు. మా అమ్మ ఈయనకు శాపనార్థాలు పెడుతూనే కన్నుమూసింది, ఆ పాపం ఎవరిదన్నాడు. రేపే టేషనులో కేసు పెడతా, నీ కాలేజీ గేటుకు తాళం వేయిస్తా, ఎమ్మెల్యే నా మాట వింటాడో లేదో చూద్దువుగాని అన్నాడు. ఒక్కో మాటకూ ఒక్కో అడుగు ముందుకు వేశాడు. ఇన్నాసమ్మ వెనక్కి జరగలేదు. ప్రేమమ్మ అడ్డం పోబోయింది గానీ అంతకు ముందే గోపాలకృష్ణయ్య మధ్యలోకి వచ్చాడు.

"ఒరేయ్ కోటిగా, కూర్చోరా."

ఆ పిలుపుకు కోటేశ్వరరావు ఆగిపోయాడు. అలా పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ మిగల్లేదు.

"ఆమెను తిట్టే హక్కు నాది. నేనింకా తిట్టలా. నా వంతు కాకముందే నువ్వు మొదలెడితే ఎట్టా? నువ్వు నన్నన్న మాటలకి ముందు జవాబు చెప్పు. ఆ తర్వాత ఆమె సంగతి."

కోటేశ్వరరావు కూర్చున్నాడు. కోడలూ ఇరుగమ్మలూ తలుపు దగ్గర కదలకుండా నిలబడ్డారు. అతని చూపు బావ మీద నిలవలేక మేనకోడలి మీదకు పోయింది. నీ పెళ్ళికి అని మొదలుపెట్టి, మింగేశాడు.

"మేనమామ లేడని నన్ను కూర్చోబెట్టిన పెళ్ళిబుట్ట ఎవరు మొయ్యాలో ఎవరికీ తెలియలేదు మావయ్యా," అంది మహాలక్ష్మమ్మ, మామూలు గొంతుతోనే. "మా నాయనే ఎత్తుకొచ్చి పీటల మీద కూర్చోబెట్టాడు. చూసినోళ్ళు నవ్వారు."

కోటేశ్వరరావు మొహం చేతుల్లో దాచుకున్నాడు.  గోపాలకృష్ణయ్య కాసేపు చూశాడు. బావమరిది తల ఎత్తలేదు. ఇక చాల్లే అన్నట్టు తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. మిగతావాళ్ళు వెనకే దిగారు. వ్యాను మలుపు తిరుగుతుండగా కోటేశ్వరరావు వీధిలోకి వచ్చి నిలబడటం ప్రేమమ్మ చూసింది. ఆపమంటారా అని అడిగింది. ఆపొద్దు, ఇల్లు తెలుసుగా, వస్తే వస్తాడు అన్నాడు ముసలాయన.

తిరుగు దారి పట్టారు. పిడుగురాళ్ళలో మౌలాలీ టీ ఇప్పించాడు. గోపాలకృష్ణయ్య బండి దిగకుండానే తాగి గ్లాసు ఇచ్చేశాడు. జసింత మళ్ళీ ఫోను చేసింది. ఈసారి ఇన్నాసమ్మ తీసుకుంది. రాసిచ్చిన ఉపన్యాసం తనకు అక్కర్లేదని, రేపు మాట్లాడాల్సింది తనకు నోటికి వచ్చునని, సంచిక మాత్రం రెండో పేజీ ఉన్నట్టు పంచితే తాను వేదిక ఎక్కనని చెప్పింది. అవతల జసింత చాలా సేపు అడిగింది. అన్నీ సాయంత్రం చెబుతాను, నీకు కోపం వస్తుంది, రావాలి కూడా అని పెట్టేసింది. 

వేపలగూడెంలో వ్యాను ఆగేసరికి పొద్దు వాలింది. కల్లంలో కూలీలు కాయల మీద పట్టాలు కప్పుతున్నారు. మహాలక్ష్మమ్మ దిగి, దీపం వెలిగిస్తానో లేదో నాకే తెలియదు సిస్టరమ్మా, పొద్దున చెప్తా అని, సమాధానం కోసం చూడకుండా లోపలికి పోయింది. ఇన్నాసమ్మకు అది దండం కంటే న్యాయంగానే అనిపించింది. న్యాయంగా ఉందని నొప్పి తగ్గలేదు.

గోపాలకృష్ణయ్య దిగి, తలుపు వేసి, రెండడుగులు పోయి, తిరిగి ఆమె కిటికీ దగ్గరికి వచ్చాడు. పొద్దుటి నుంచీ ఆయన ఆమె మొహం సూటిగా చూడటం అదే మొదలు.

"ఎన్నింటికి మీ సభ?"

"పదింటికి."

"నువ్వు మాట్లాడతావా?"

"మాట్లాడతా."

"ఇందాక కోటిగాడి వసారాలో చెప్పావే, అట్టనేనా?"

"అట్టనే."

ఆయన కిటికీ అంచు మీద చెయ్యి వేసి ఆలోచించాడు. మిరపకాయల ఎరుపు ఆ గోళ్ళ సందుల్లో ఇంకా ఉంది.

"తొమ్మిదికే వచ్చి ముందు వరసలో కూర్చుంటా. ఒక్క ముక్క తగ్గినా, ఒక్క ముక్క ఎక్కువైనా లేచి నిలబడతా," అని చెయ్యి తీసేసి, కల్లం వైపు పోతూ పోతూ, పట్టా ఆ మూల సరిగ్గా కప్పలేదని కూలీలను కేకలేశాడు.